ఆడనోడు కోచ్‌గా వస్తే ఆడేవాళ్ళు వింటారా?

కొర్లగుంట_నాన్న · ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా పాప అండర్-15 ఆడపిల్లల ఫుట్‌బాల్ టీంలో లెఫ్ట్ వింగ్ (ఎడమ అంచు మీద బంతి తీసకపోయే చోటు) ఆడతాది. పొద్దన్నే అయిదున్నరకంతా గ్రౌండులో దింపడం, వాకింగ్ పేరు చెప్పి గట్టు మీద కూర్చోవడం, ఎండ ఎక్కేలోపల ఇంటికి తీసకపోవడం నా పని. ఇన్నాళ్ళు నేర్పించిన కోచ్‌కు బెంగుళూరులో ఉద్యోగం దొరికి పోయినాడు. జీతాలిచ్చే క్లబ్బు కాదు మాది. తల్లిదండ్రులం తలా ఇంత వేసుకొని నడుపుకుంటా ఉండాము. కాబట్టి కొత్త మనిషిని మేమే చూసుకోవాల.

ఇద్దరు ముందుకొచ్చినారు. ఒకరు లెక్కల సార్. ఏ టీంలోనూ ఎప్పుడూ ఆడలేదు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య వాళ్ళ డి లైసెన్స్ కోర్సు సొంత డబ్బుతో చేసొచ్చినారు. మ్యాచ్ వీడియో ఫోన్లో తీసి, ఆపి ఆపి పిల్లలకు చూపిస్తారు. నోటుబుక్కులో ప్రతి పిల్లకూ ఒక పేజీ. బంతిని తన్నితే మాత్రం అది యాడికి పోతాదో ఏడుకొండలవాడికే తెలియాల.

ఇంకొకరు యూనివర్సిటీ తరఫున సౌత్ జోన్ పోటీల్లో డిఫెండర్‌గా ఆడిన అన్న. కరకంబాడి రోడ్డులో షాపు పెట్టుకోనుండాడు. బంతి కాలికి తగిలిందంటే ఇప్పటికీ చూడముచ్చటగా ఉంటాది. లైసెన్స్ గిసెన్స్ ఏమీ లేదు.

ఓట్లు పెడితే సగం సగం వచ్చినాయి. ఆడిన అనుభవం లేకుండా టీంను నడిపించొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి.

రేణిగుంట_జంక్షన్ · ఆదివారం, రాత్రి 9:20

లెక్కల సార్‌నే పెట్టుకోండన్నా. టోర్నీలో గోల్ తేడా లెక్కకు వేరే మనిషిని ఎతుక్కునే పనుండదు.

పాత_స్టాపర్ · ఆదివారం, రాత్రి 9:48

ఇందులో ఓట్లు పెట్టేదానికి ఏముందబ్బా? ఈత రానోడు బావి గట్టు మీద నిలబడి ఈత నేర్పినట్ల ఉంటాది.

నేను పెద్ద ఆటగాణ్ణేం కాదు. స్టాపర్ బ్యాక్ (గోల్ ముందర అడ్డం నిలబడే డిఫెండర్), జిల్లా దాకా ఆడినా. ఆ మాత్రం ఆడినందుకే కొన్ని సంగతులు ఒంటికి తెలుసు. ఒక వింగర్ నిన్ను ఒకసారి దాటేసి పోయినాడనుకో. రెండోసారి వాడు బంతి తీసుకోని వచ్చేటప్పుడు నీ కాళ్ళు వాటంతట అవే రెండడుగులు వెనక్కి పోతాయి. గట్టు మీద ఉండేవాడు దాన్ని చూసి పొజిషన్ తప్పు అని నోటుబుక్కులో రాసుకుంటాడు. ఆడినోడికి అది భయం అని తెలుస్తాది. రెంటికీ మందు వేరే. పొజిషన్ తప్పైతే నిలబడే చోటు చూపించాల. భయమైతే మిడ్‌ఫీల్డ్ నుంచి ఒకరిని పది నిముషాలు దగ్గరికి జరిపి, ఆ పిల్ల ఒక్క బంతి గెలిచేదాకా కాపాడాల.

ఇంకోటి, మాట చెల్లడం. పద్నాలుగేళ్ళ పిల్లలు మనిషిని ఒక్క చూపులో తూకం వేస్తారు. సార్ క్రాస్ (అంచు నుంచి గోల్ ముందరికి తన్నే బంతి) ఎట్ల వేయాలో చెప్పి, తాను వేస్తే బంతి పోయి వాకింగ్ వాళ్ళ మీద పడిందనుకో, ఆ రోజుతో ఆయన మాట అయిపోయినట్లే.

మిలాన్_మామ · ఆదివారం, రాత్రి 10:31

పాత స్టాపర్ అన్నా, నీ వింగర్ సంగతి బాగుంది, ఒప్పుకుంటా. మరి అర్రిగో సాక్కీని ఏం చేస్తావు?

ఆయన ఇటలీలో వాళ్ళ నాయన చెప్పుల ఫ్యాక్టరీలో పని చేసినాడు, బూట్లు అమ్మినాడు. ప్రొఫెషనల్‌గా ఒక్క మ్యాచ్ ఆడలేదు. 1987లో అక్కడి పెద్ద క్లబ్బు ఏసీ మిలాన్‌కు కోచ్‌గా వస్తే అక్కడి పత్రికలు నువ్వడిగిన మాటే అడిగినాయి. జాకీ కావాలంటే ముందు గుర్రమై పుట్టాలని నాకు తెలియదే, అన్నాడు. మొదటి సీజన్లోనే లీగ్ గెలిచినాడు. 1989లో, 1990లో వరసగా రెండు యూరోపియన్ కప్పులు (ఇప్పుడు ఛాంపియన్స్ లీగ్ అంటారే, అదే).

మాట చెల్లడం అన్నావు గదా. ఆ టీంలో గుల్లిట్, వాన్ బాస్టెన్ లాంటి పేరుమోసిన ఆటగాళ్ళు ఉండారు. వాళ్ళ ముందర ఈయన బంతి తన్ని చూపించి మెప్పించేది జరిగే పనా? ఇంకో దారి పట్టినాడు. గోల్‌కీపర్ గల్లిని, డిఫెండర్లు టాసొట్టి, మాల్దిని, కోస్టాకుర్తా, బరేసీలను ఒక పక్క నిలబెట్టినాడు. మొత్తం అయిదుగురు. అవతల గుల్లిట్, వాన్ బాస్టెన్, రైకార్డ్, అంచెలొట్టితో కలిపి పదిమంది. పదిహేను నిముషాల టైం. బంతి పోగొట్టుకుంటే మళ్ళీ వాళ్ళ సగంలోకి పోయి మొదలుపెట్టాల. పదిమందీ కలిసి గోల్ కొట్టండి చూస్తా అన్నాడు. కొట్టలేకపోయినారు. ఈ ఆట మళ్ళీ మళ్ళీ పెట్టినా ఎప్పుడూ గోల్ పడలేదని ఆయనే చెప్పినాడు. క్రమంగా నిలబడిన అయిదుగురు క్రమం లేని పదిమందిని ఆపుతారు అని వాళ్ళ కళ్ళతో వాళ్ళే చూసినారు. ఆ తర్వాత ఆయన బంతి లేకుండా గంటసేపు టీంనంతా అటూ ఇటూ జరిపించినా ఎందుకని ఎవరూ అడగలేదు.

మాట చెల్లేది చెప్పింది జరిగినప్పుడు. కాలు బాగుండడం దానికొక దారి, అంతే.

పాత_స్టాపర్ · ఆదివారం, రాత్రి 10:44

మామా, ఆయన చేతిలో బరేసీ, మాల్దిని ఉండారు. ఎట్ల ట్రాప్ చేయాలో వాళ్ళకు నేర్పాల్సిన పని లేదు. మన పిల్లలకు బంతి కాలి కింద ఆగేదే ఇంకా రావాల. వీళ్ళకు చేసి చూపించేవాళ్ళు కావాల. నువ్వేమో మిలాన్ తీసకొచ్చి కొర్లగుంటలో పెడతా ఉండావు.

రేణిగుంట_జంక్షన్ · ఆదివారం, రాత్రి 10:50

చేసి చూపించేవాళ్ళంటే మరడోనా కంటే ఎవరుండారన్నా? 2010 ప్రపంచ కప్పులో అర్జెంటీనాకు ఆయనే కోచ్. టీంలో మెస్సీ. క్వార్టర్‌ఫైనల్లో జర్మనీ చేతిలో 4-0. సూటేసుకోని గీత పక్కన నిలబడి చూస్తా ఉండాడు పాపం.

గ్యారీ నెవిల్ ఇంకా పాపం. మాంచెస్టర్ యునైటెడ్‌లో అన్ని కప్పులూ గెలిచి, టీవీలో కూర్చొని అందరికీ తప్పులు చెప్పి, 2015 డిసెంబరులో వాలెన్సియాకు పోయినాడు. బార్సిలోనా ఏడు కొట్టింది. నాలుగు నెలలు నిండక ముందే ఇంటికి పంపించినారు.

క్రికెట్_కోదండం · సోమవారం, పొద్దున 6:05

ఫుట్‌బాల్ నాకు అంతగా తెలియదు గానీ ఇదే రామాయణం మా దాంట్లోనూ ఉంది. ఆస్ట్రేలియా కోచ్ జాన్ బుకానన్ ఒక్క టెస్ట్ ఆడలేదు. ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లు ఏడో ఏమో ఆడి మానుకున్నాడు. ఆయన కోచ్‌గా ఉండగానే 2003, 2007 ప్రపంచ కప్పులు గెలిచినారు. షేన్ వార్న్‌కు ఆయనంటే అసలు పడేది కాదు. కోచ్ అంటే గ్రౌండుకు తీసుకుపోయే బస్సు అని ఎగతాళి చేసేవాడు. గెలిచింది బుకానన్ వల్లనా, మెక్‌గ్రాత్, పాంటింగ్ వల్లనా అని ఇప్పటికీ కొట్టుకుంటా ఉంటారు.

మన తెలుగువాళ్ళలో చూస్తే పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి, తర్వాత సైనాను, సింధును తయారు చేసినాడు. స్టాపర్ అన్న పక్షానికి ఇది బలం. కానీ ఆ గోపీచంద్‌కు హైదరాబాదులో నేర్పిన ఎస్.ఎం. ఆరిఫ్ సార్ ఆల్ ఇంగ్లండ్ గెలిచినాయన కాదు.

అడ్మిన్ · సోమవారం, పొద్దున 7:30

క్రికెట్ ఇంతటితో చాలు. ఈ గుంపులో ఏ థ్రెడ్ అయినా నాలుగో రోజుకు ధోనీ దగ్గరికి చేరుతాది, ఇది రెండో రోజే చేరేటట్లుంది.

పీడీ_మేడం · సోమవారం, మధ్యాహ్నం 1:40

చంద్రగిరి వైపు హైస్కూల్లో పీడీగా, అంటే ఆటల టీచర్‌గా పని చేస్తున్నాను. లంచ్ టైంలో రాస్తున్నా, బెల్లు కొడితే ఆపేస్తా.

స్టాపర్ గారు చేసి చూపించడం గురించి అన్నారు. చిన్న పిల్లలకు చూపించాల్సిందే, కాదనను. కానీ చూపించేది కోచే కానక్కర్లేదు. నేను ఖోఖో, కబడ్డీ, వాలీబాల్, ఫుట్‌బాల్ అన్నీ నేర్పాలి. నాకు అన్నీ ఒకేలా వస్తాయా? బాగా వచ్చిన అమ్మాయిని ముందుకు పిలుస్తాను. ఆ అమ్మాయి మెల్లగా చేస్తుంటే మిగతావాళ్ళు ఎక్కడ చూడాలో నేను చెబుతాను. బంతిని కాదు, నిలబడిన కాలు చూడండి, అది ఎటు తిరిగి ఉందో చూడండి అంటాను. తమ వయసు పిల్ల చేస్తే మేమూ చేయగలం అనుకుంటారు. పెద్ద ఆటగాడు చేస్తే చప్పట్లు కొడతారు, అక్కడితో సరి.

ఆడిన వాళ్ళ దగ్గర ఒక చిక్కుంది. బాగా ఆడేవాళ్ళకు అది ఎలా వస్తుందో వాళ్ళకే తెలియదు, ఒళ్ళు చేసుకుపోతుంది. రాని పిల్ల అడిగితే ఇట్ల తన్నమ్మా అని మళ్ళీ తన్ని చూపిస్తారు. మళ్ళీ రాకపోతే విసుక్కుంటారు.

ఇంకొకటి. చాలా చోట్ల పాత ఆటగాళ్ళ ప్రాక్టీస్ చూశాను. ఇరవై మందిని ఒక వరసలో నిలబెట్టి, ఒక్క బంతితో ఒకరి తర్వాత ఒకరు షూట్ చేయమంటారు. గంటలో ఒక పిల్లకు బంతి దక్కేది కాసేపే, మిగతాదంతా జడలు సర్దుకోవడం, కబుర్లు. వాళ్ళు నేర్చుకున్నప్పుడు అలాగే నేర్పారు కనుక వీళ్ళూ అలాగే నేర్పుతారు. లైసెన్స్ కోర్సులో మొదట కొట్టేది ఆ అలవాటునే. నలుగురు నలుగురుగా విడదీసి చిన్న గ్రౌండ్లలో ఆడించు, అందరి కాళ్ళకూ బంతి తగలనివ్వు అంటారు.

పీడీ_మేడం · సోమవారం, మధ్యాహ్నం 1:58

బెల్లు ఇంకా కొట్టలేదు. ఆడపిల్లల టీం కాబట్టి ఇద్దరినీ ఒకటి అడగండి. ఎదిగే వయసు ఆడపిల్లలకు మోకాలి లోపలి లిగమెంట్ తెగే ప్రమాదం మగపిల్లల కంటే ఎక్కువ. దూకి దిగేటప్పుడు, ఉన్నట్టుండి పక్కకు తిరిగేటప్పుడు తెగుతుంది, ఎవరూ తగలక్కర్లేదు. దానికోసమే ఫిఫా 11+ అని ఒక వార్మప్ ఉంది. ఇరవై నిముషాల పని, ఖర్చేమీ లేదు. మానకుండా చేయిస్తే దెబ్బలు బాగా తగ్గుతాయి. అది తెలిసి, విసుగు పడకుండా చేయించే మనిషి ఎవరో చూడండి. నా ఓటు వాళ్ళకే. సౌత్ జోన్ ఆడారా, వీధిలో ఆడారా అన్నది నాకు ఆ తర్వాతి సంగతి.

పద్మావతి_వింగర్ · సోమవారం, సాయంత్రం 6:15

నేర్పేవాళ్ళే మాట్లాడతా ఉండారు, ఆడేవాళ్ళం కూడా ఒక మాట చెప్పొచ్చా? నేను డిగ్రీ చదువుతా ఉండా. స్కూలు నుంచి ఆడతా ఉండా, రెండు రకాల కోచ్‌ల కిందా ఆడినా.

ఆడినాయన దగ్గర మొదటి నెల స్వర్గం. ఆయన పాస్ చూసి మేమంతా నోరు తెరిచినాము. తర్వాత తర్వాత ప్రతి మాటా ‘నేనైతే ఆ బంతిని’ అని మొదలయ్యేది. మ్యాచ్‌లో ఒక అమ్మాయి తప్పు చేస్తే ఆయన జవాబు పాత కథ. మేము ఆయన కాదు కదా.

ఆడని సార్ దగ్గర అంతా పద్ధతిగా ఉండేది. ఎవరిని ఎందుకు బయట కూర్చోబెట్టినాడో పిలిచి చెప్పేవాడు. ఆ ఒక్కదానికోసం ఆయన కోసం పరిగెత్తినాము. కానీ మ్యాచ్ అనుకున్నట్ల పోకపోతే ఆయన ముఖం తెల్లబోయేది. అవతలి టీం మోటుగా ఆడతా, చొక్కా పట్టి లాగతా, రెఫరీ చూడకపోతే ఏం చేయాలో ఆయన పుస్తకంలో లేదు. హాఫ్‌టైంలో ఆయన చేతులు వణకడం మేము చూసినాము. అది చూసినాక మాకూ వణుకే.

మెసానికల్_మిట్ట · సోమవారం, రాత్రి 9:05

చిత్తూరు నుంచి. ఇంతసేపు ఇటలీ, అర్జెంటీనా తిరిగినారు గానీ హైదరాబాదులో దిగలేదే మీరెవరూ? సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ పేరు రాకుండా ఈ చర్చేందబ్బా!

ఆయన వృత్తికి బడి పంతులు. 1943 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ టీంకు కోచ్. ఆ టీం 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ టోర్నీ గెలిచింది. ఇండియా టీం ఆయన చేతిలో 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ ఆడి నాలుగో స్థానం. ఆ తర్వాత మనం ఆ మెట్టు ఎక్కలేదు.

ఆయన నేర్పిన తీరు చూడండి. కుడికాలి వాటం వాళ్ళతో ఎడమ కాలితోనే ఆడే పోటీలు పెట్టించేవాడంటారు. డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి వచ్చిందే పాస్ ఇయ్యాల అని ఇంకో రకం పోటీ. వీటికి కోచ్ కాలు అక్కర్లేదు, పంతులు బుర్ర కావాల. నియమం మార్చేస్తే పిల్లోడు తానే నేర్చుకుంటాడు.

1952 హెల్సింకిలో యుగోస్లావియా మనల్ని 10-1 కొట్టింది. మనవాళ్ళు చాలామంది ఉత్తకాళ్ళతో ఆడినారు. ఇంకొకరైతే మొహం దాచుకునేవాళ్ళు. ఈయన టీంను మొదటినుంచి కట్టినాడు, నాలుగేళ్ళకు మెల్‌బోర్న్‌లో సెమీస్.

1962 సంగతి ఇంకా బాగుంటాది. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కు తలకు దెబ్బ తగిలి కుట్లు పడినాయి. వెనక ఆడితే బంతిని తలతో కొట్టీ కొట్టీ కుట్లు ఊడతాయి. ఇంకొకరైతే ఆయన్ని కూర్చోబెట్టేవాళ్ళు. రహీం సాబ్ తీసకపోయి సెంటర్ ఫార్వర్డ్‌లో నిలబెట్టినాడు. ఆయన సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద గోల్ కొట్టినాడు, ఫైనల్లో దక్షిణ కొరియా మీదా కొట్టినాడు. పీకే బెనర్జీది ఒకటి, జర్నైల్‌ది ఒకటి, 2-1. మన సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం కూడా ఆ టీంలోనే. రహీం సాబ్‌కు అప్పటికే క్యాన్సర్, 1963లో పోయినాడు.

పాత_స్టాపర్ · సోమవారం, రాత్రి 9:22

మిట్ట అన్నా, దండం. కానీ రహీం సాబ్ ఆడినోడే! ఉస్మానియాలో చదివేటప్పుడు ఆడినాడు, హైదరాబాదు క్లబ్బుల్లో ఆడినాడు. నా లెక్కలోకి వస్తాడు, నీ లెక్కలోకి కాదు.

నా పక్షం కూడా వినండి. జర్మనీ బెకన్‌బావర్ 1974లో కెప్టెన్‌గా, 1990లో కోచ్‌గా ప్రపంచ కప్ గెలిచినాడు. ఫ్రాన్స్ గెలిచినప్పుడు దెషాంప్ 1998లో కెప్టెన్, 2018లో కోచ్. జిదాన్ రియల్ మాడ్రిడ్‌కు 2016, 2017, 2018 వరసగా మూడు ఛాంపియన్స్ లీగ్‌లు. అంచెలొట్టి కోచ్‌గా అయిదు. ఆడపిల్లల ఆటలో సరీనా వీగ్మన్, నెదర్లాండ్స్‌కు ఆడినామె, 2017లో ఆ దేశానికి, 2022లో, 2025లో ఇంగ్లండ్‌కు యూరో కప్పులు తెచ్చింది. మీ జాబితా వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, నాది పుస్తకమైతాది.

మిలాన్_మామ · సోమవారం, రాత్రి 9:51

నీ జాబితా పొడుగ్గా ఉండేదానికి కారణముంది అన్నా. పెద్ద క్లబ్బులు కోచ్‌ను ఎతకాలంటే మొదట తమ పాత కెప్టెన్ ఇంటి తలుపే కొడతాయి. ఇటలీ పాత ఆటగాడు పిర్లోను చూడు. 2020లో యువెంటస్ క్లబ్బు అండర్-23 టీంకని తీసుకున్నారు. ఒక్క మ్యాచ్ నడిపించకముందే పెద్ద టీం చేతిలో పెట్టినారు. ఏడాదికే పంపించేసినారు. తియరీ ఆన్రీకి మొనాకో ఇచ్చినారు, 2018 అక్టోబరులో వచ్చి 2019 జనవరిలో పోయినాడు. ఒక బ్యాంకు ఉద్యోగికి అట్ల ఎవరన్నా ఇస్తారా? మౌరిజియో సారి బ్యాంకులో పని చేస్తా చిన్న చిన్న ఊర్ల టీంలకు నేర్పి, మెట్టు మెట్టు ఎక్కి, అరవై దాటినాక 2019లో చెల్సీతో యూరోపా లీగ్, 2020లో యువెంటస్‌తో ఇటలీ లీగ్ గెలిచినాడు. వంద మంది ఆటగాళ్ళకు తలుపు తీసి, నలుగురు మామూలోళ్ళకు కిటికీ తీసి, చూడండి ఎక్కువ గెలిచింది ఆటగాళ్ళే అంటే అది లెక్క కాదు.

పీడీ_మేడం · సోమవారం, రాత్రి 10:10

వీగ్మన్ గారిని స్టాపర్ గారు ఎత్తుకుపోయారు, సంతోషం. ఆవిడ ఆడే రోజుల్లో బడిలో పీఈ టీచర్ కూడా, అది నా ఖాతాలో వేసుకుంటా. ఇంకో పేరు ఎమ్మా హేస్. చీలమండ దెబ్బతో పదిహేడేళ్ళకే ఆట ఆగిపోయింది. చెల్సీ ఆడవాళ్ళ టీంను పన్నెండేళ్ళు నడిపి, 2024లో అమెరికా టీంకు వచ్చి, కొన్ని నెలలకే పారిస్ ఒలింపిక్స్ బంగారం గెలిచారు.

అయితే న్యాయంగా ఒకటి చెప్పాలి. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ మీద అమండా గూడాల్, లారెన్స్ కాన్, ఆండ్రూ ఆస్వాల్డ్ అనే ఆర్థికవేత్తలు 2011లో ఒక పరిశోధన వేశారు. గొప్పగా ఆడినవాళ్ళు కోచ్‌లైన టీంలు మెరుగ్గా ఆడాయనే తేలింది. మామ గారు చెప్పిన తలుపు, కిటికీ సంగతి అందులో ఎంతుందో గానీ, స్టాపర్ గారి మాట ఉత్త పట్టుదల మాత్రం కాదు.

రేణిగుంట_జంక్షన్ · సోమవారం, రాత్రి 10:14

మేడం రెండు పక్కలా ఆడతా ఉండారు. అంపైర్ ఉద్యోగం ఖాళీ ఉందా అడ్మినన్నా?

మెసానికల్_మిట్ట · మంగళవారం, పొద్దున 5:50

నిద్ర పట్టక స్టాపర్ అన్న మాట మీదే ఆలోచన చేసినా. రహీం సాబ్ ఆడినోడే అన్నది నిజమే. అట్ల చూస్తే సాక్కీ కూడా వాళ్ళ ఊరి టీంలో ఆడినాడు. మొరీన్యో పోర్చుగల్ కింది డివిజన్లలో కొంచెం ఆడి, తర్వాత కోచ్ బాబీ రాబ్సన్ పక్కన దుబాసీగా చేరి, 2004లో పోర్టోతో ఛాంపియన్స్ లీగ్ గెలిచినాడు. నాగెల్స్‌మన్ కుర్రోళ్ళ టీంల దాకా ఆడి మోకాలు పోయి ఆగిపోయినాడు, ఇరవై ఎనిమిదేళ్ళకు జర్మనీలో హోఫెన్‌హైమ్ క్లబ్బు పెద్ద టీం చేతికొచ్చింది. టీంలో ఆయన కంటే పెద్దోళ్ళు ఉండారు.

కాబట్టి అసలు ఆడనేలేదు అనేవాళ్ళు పైన చాలా తక్కువ. ఆట మీద పిచ్చి ఉండి, ఆడి, చాలక ఆగిపోయినోళ్ళే ఎక్కువ. నిజంగా లెక్కల సార్ లాంటి మనిషి కావాలంటే ఒకడు దొరికినాడు, కార్లోస్ అల్బెర్తో పరేరా. వ్యాయామ విద్య చదివినాడు, 1970 బ్రెజిల్ టీంకు ఫిట్‌నెస్ చూసేవాళ్ళలో ఒకడు. ప్రొఫెషనల్‌గా ఆడిందే లేదు. ప్రపంచ కప్పుల్లో ఆరుసార్లు కోచ్‌గా నిలబడినాడు: కువైట్, యూఏఈ, బ్రెజిల్ రెండుసార్లు, సౌదీ, దక్షిణాఫ్రికా. 1994లో బ్రెజిల్‌కు కప్పు తెచ్చినాడు.

ఇప్పుడు అసలైంది. 1994 ఫైనల్లో అవతలి గట్టు మీద ఇటలీ కోచ్ ఎవరు? మామ దేవుడు సాక్కీ! ప్రపంచ కప్ ఫైనల్లో ఇద్దరు కోచ్‌లూ ప్రొఫెషనల్‌గా ఆడనోళ్ళే. 0-0, పెనాల్టీల్లో బ్రెజిల్ 3-2.

మామా, ఎగరొద్దు. ఇంకా ఉంది. ఆ రోజు పరేరా పక్కన టెక్నికల్ కోఆర్డినేటర్‌గా ఉండింది జగాలో. 1958, 1962లో ఆటగాడిగా, 1970లో కోచ్‌గా కప్పు గెలిచినాయన. సాక్కీ పక్కన సహాయకుడు అంచెలొట్టి, పదిమంది ఆటలో గోల్ కొట్టలేకపోయిన వాళ్ళలో ఒకడు. ఆడనోళ్ళిద్దరూ ఆడినోణ్ణి పక్కన పెట్టుకోనే ఫైనల్ దాకా వచ్చినారు.

పాత_స్టాపర్ · మంగళవారం, పొద్దున 6:30

ఇది బాగుంది. పక్కన పెట్టుకున్నారు అంటే అవసరముండే కదా పెట్టుకున్నారు! నేను చెప్పింది అదే.

మిలాన్_మామ · మంగళవారం, పొద్దున 6:41

పక్కన పెట్టుకున్నారు. పైన కాదు. నేను చెప్పింది అదే.

కొర్లగుంట_నాన్న · మంగళవారం, పొద్దున 8:15

ఇంత మంది ఇంత రాసినందుకు చాలా సంతోషం. మిట్ట అన్న చెప్పింది గ్రూపులో పెట్టినా. బుధవారం సార్‌తో, గురువారం అన్నతో ఒక్కొక్క ప్రాక్టీస్ చేయించి చూద్దామని ఒప్పుకున్నారు. పీడీ మేడం, ఆ మోకాళ్ళ వార్మప్ పేరు చీటీ మీద రాసుకున్నా, ఇద్దరినీ అడగతా.

పద్మావతి_వింగర్ · మంగళవారం, పొద్దున 8:40

అంకుల్, చూసేటప్పుడు బాగా ఆడే పిల్లల వైపు కాకుండా రాని పిల్లల వైపు చూడండి. బాగా ఆడేవాళ్ళు ఎవరి కిందైనా ఆడతారు.

కొర్లగుంట_నాన్న · గురువారం, రాత్రి 9:30

రెండూ అయినాయి. ఉన్నది ఉన్నట్టు రాస్తా.

సార్ వచ్చేటప్పటికే కోన్లు పెట్టి మూడు చిన్న గ్రౌండ్లు గీసి పెట్టినారు. వార్మప్ ఆయనకు తెలుసు, కాగితం చూడకుండా చేయించినారు. నలుగురు నలుగురు ఆడతానే ఉండారు, ఒక్క పిల్ల కూడా ఊరికే నిలబడలేదు. ఎడమ కాలి క్రాస్ దగ్గరికి వచ్చేసరికి ఆయన తన్నలేదు. మా పాపను పిలిచి మెల్లగా వేయించి, మేడం చెప్పినట్లే నిలబడిన కాలు చూడమన్నారు. మేడం, మీరేమన్నా ఆయనకు ఫోన్ చేసినారా? కాకపోతే ఆఖర్న ఆడించిన మ్యాచ్‌లో ఇద్దరు పిల్లలు ఒకరినొకరు తోసుకొని ఏడుపు మొదలైతే ఆయనకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. విజిల్ వేసి నిలబడిపోయినారు.

అన్న దగ్గర ఆ వార్మప్ లేదు, రెండు రౌండ్లు పరిగెత్తమన్నాడు. వరస కట్టించినాడు, మేడం చెప్పిన వరసే. కానీ ఒకటి జరిగింది. మా టీంలో రైట్ బ్యాక్ ఆడే ఒక పాప ఉంది. బంతి వస్తే వెంటనే వెనక్కి ఇచ్చేస్తాది. మేమంతా ఆ పిల్లకు దూరం తన్నే బలం లేదనుకున్నాము. సార్ నోటుబుక్కులో కూడా అదే ఉంది, నాకు చూపించినారు. అన్న పది నిముషాలు చూసి ఆ పాపను పక్కకు తీసకపోయి, బంతి మొహానికి ఎప్పుడు తగిలిందమ్మా అని అడిగినాడు. పోయిన వేసవిలో తగిలిందంట, ముక్కులో రక్తం వచ్చిందంట. ఇంట్లో కూడా చెప్పలేదు. ఆ పక్కనే కూర్చొని గాలి తక్కువుండే బంతితో చేతులతో మొదలుపెట్టి, ఛాతీతో, తర్వాత నుదురుతో ఆపించినాడు. ఆ పిల్ల నవ్వింది. ఆ అరగంటా మిగతా పిల్లలంతా ఊరికే కూర్చున్నారు, అదీ నిజమే.

పాత_స్టాపర్ · గురువారం, రాత్రి 9:37

చెప్పినా కదన్నా. భయం.

పీడీ_మేడం · గురువారం, రాత్రి 9:55

నేను ఎవరికీ ఫోన్ చేయలేదు! ఆ రైట్ బ్యాక్ సంగతి చదివి స్టాపర్ గారి మొదటి పోస్టు మళ్ళీ చదివాను. ఆ ఒక్క చూపు కోర్సులో దొరకదు, నిజమే. సార్‌కు రాదు అని మాత్రం అనను, రావడానికి ఆయనకు ఏళ్ళు పడుతుంది. ఆ పాపకు అన్నేళ్ళు లేవు.

ఇద్దరినీ పెట్టుకోండి. ప్రాక్టీస్ ఎలా ఉండాలో రాసేది, ఎవరు ఆడాలో తేల్చేది ఒక్కరే అయి ఉండాలి, అది సార్. లేకపోతే పిల్లలు అమ్మ కాదంటే నాన్నను అడిగినట్లు ఇద్దరి మధ్య తిరుగుతారు.

మిలాన్_మామ · గురువారం, రాత్రి 10:02

ఒప్పుకుంటాడా ఆ అన్న, ఆడని మనిషి కింద పని చేసేదానికి? జగాలో ఒప్పుకున్నాడని చెప్పండి.

కొర్లగుంట_నాన్న · శనివారం, సాయంత్రం 5:20

చెప్పినా. టీ తాగతా 1994 కథంతా చెప్పినా. మూడు కప్పులు గెలిచినాయన పరేరా పక్కన కూర్చున్నాడన్నా, నువ్వు కూర్చోలేవా అన్నా. జగాలోకు జీతం ఇచ్చింటారు కదన్నా, అన్నాడు.

న్యాయమే. పెట్రోలుకు, టిఫిన్‌కు నెలకు ఇంత అని గ్రూపులో తేల్చినాము. సార్ హెడ్. అన్న వారానికి రెండు పొద్దులు, మ్యాచ్ రోజులు మొత్తం. మ్యాచ్‌లో గీత దగ్గర నిలబడేది అన్న, మార్పులు చెప్పేది సార్. ఇది ఎన్నాళ్ళు నడుస్తాదో తెలీదు, మొన్న కార్నర్లు ఎవరు వేయాలనే దాని మీదే ఇద్దరికీ మొహాలు మాడినాయి. సార్ ప్రింట్ తీసిన వార్మప్ కాగితం అన్న షాపు గోడకు అంటించుకున్నాడు, అది మటుకు చూసినా.

పాత_స్టాపర్ · శనివారం, సాయంత్రం 5:41

గీత దగ్గర నిలబడేవాడికే మార్పులు చెప్పే హక్కుండాల. పిల్ల కాలు కుంటేది ఆయనకు ముందు కనపడతాది. ఇది మార్చుకోండి, మొదటి మ్యాచ్‌లోనే తెలుస్తాది మీకు.

ఇంకోటి అడగతా. సార్ ఆడలేదు, అన్న డిఫెండర్. మీ గోల్‌కీపర్ పాపకు ఎవరు నేర్పతారు?

కొర్లగుంట_నాన్న · శనివారం, సాయంత్రం 5:44

ఆ మాట ఎవరమూ అనుకోలేదన్నా.

రేణిగుంట_జంక్షన్ · శనివారం, సాయంత్రం 5:50

వాలీబాల్ ఆడేవాళ్ళు సరిపోతారా? చేతులే కదా పని.

అడ్మిన్ · శనివారం, సాయంత్రం 6:00

గోల్‌కీపర్ సంగతికి వేరే థ్రెడ్ తెరవండి. స్టాపర్ అన్నా, మొదటి పోస్టు నువ్వే వెయ్యి.